కెటిల్ ఎవరి చేతిలో ఉంది? ఇంగ్లండ్‌లో సపోర్టెడ్ లివింగ్ బాగుందో లేదో తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

గుంటూరు నుంచి ఇంగ్లండ్ వచ్చి, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళకి వాళ్ళ ఇంట్లోనే సాయపడే సపోర్ట్ వర్కర్‌గా చేరిన మొదటి నెలలో నాకు అప్పజెప్పిన మనిషికి యాభై దాటాయి. మాటలు చాలా తక్కువ. పొద్దున లేవగానే వంటగదిలోకి వచ్చి నిలబడేవారు. నేను గబగబా టీ పెట్టి, రెండు చెంచాల పంచదార వేసి చేతికిచ్చేదాన్ని. ఆయనకి ఏది ఎలా చేయాలో రాసి ఉంచిన కేర్ ప్లాన్‌లో అలాగే ఉంది. ఆయన రెండు గుక్కలు తాగి వదిలేసేవారు. మిగిలింది సింక్‌లో పారబోసి కప్పు కడిగేసేదాన్ని. పెద్దాయనకి ఓపిగ్గా సేవ చేస్తున్నానన్న తృప్తి నాది.

ఒకరోజు నాతో షిఫ్ట్‌లో ఉన్న సీనియర్ ఒకావిడ, "ఆ కెటిల్ కింద పెట్టు, ఆయన్ని పెట్టుకోనీ" అంది. ఆ రోజు టీకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. కెటిల్ పిడి ఆయన పట్టుకుంటే, ఆయన చేతి కింద నా చెయ్యి ఆసరాగా పెట్టాను. పాలు బల్ల మీద ఒలికాయి. పంచదార డబ్బా ముందుకు జరిపితే వెనక్కి నెట్టేశారు. మరచిపోయారేమోనని మళ్ళీ జరిపాను. మళ్ళీ నెట్టారు. అప్పుడర్థమైంది, ఆయనకి టీలో పంచదార నచ్చదు. ఏ కాలంలో ఎవరు రాశారో "రెండు చెంచాలు" అని, వచ్చిన ప్రతి ఒక్కరూ అదే పోస్తూ వచ్చాం. ఆ రోజు కప్పు ఖాళీ చేశారు.

తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. సపోర్టెడ్ లివింగ్ అంటే, మేధో వైకల్యం ఉన్న మనిషి తన పేరు మీద అద్దెకి తీసుకున్న ఇంట్లో ఉంటూ, ఒక సంస్థ సిబ్బంది సాయంతో బతకడం. ఒక ఇంట్లో సేవ బాగుందా లేదా అని ఎవరడిగినా నాకు ముందు ఆ పంచదార డబ్బానే గుర్తొస్తుంది. చిన్న చిన్న విషయాల్లో ఎవరి మాట చెల్లుతోందో చూస్తే మిగతా సంగతి చాలావరకు తెలిసిపోతుంది. మేధో వైకల్యం ఉండి ఇక్కడ పెరిగి పెద్దవాళ్ళవుతున్న కొడుకునో కూతుర్నో ఇలాంటి ఇంటికి పంపాలా వద్దా అని సతమతమయ్యే తెలుగు తల్లిదండ్రుల కోసమూ, కేరర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన మనవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. చట్టాల సంగతి ఇంగ్లండ్‌కి మాత్రమే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కొన్ని పద్ధతులు వేరు.

మొదటి అడుగు: మాటల తికమక తీర్చుకోండి

మన దేశంలో లెర్నింగ్ డిజేబిలిటీ అంటే చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే ఇబ్బంది, అంటే డిస్లెక్సియా లాంటిది. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టంలోనూ అదే అర్థం. ఇంగ్లండ్‌లో అదే మాటకి మేధో వైకల్యం అని అర్థం. డిస్లెక్సియాను ఇక్కడ లెర్నింగ్ డిఫికల్టీ అంటారు. ఈ తేడా తెలియక జీపీ (కుటుంబ డాక్టర్) దగ్గర తప్పు చెప్పి, రావాల్సిన సాయం పోగొట్టుకున్న కుటుంబాన్ని చూశాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనో మరోచోటో చిన్నప్పుడు పరీక్ష చేయించిన కాగితాలుంటే బయటికి తీయండి. చిన్నతనం నుంచే ఈ ఇబ్బంది ఉందని చూపడానికి పనికొస్తాయి.

ఇంకో మాట గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మనం ముప్ఫై ఏళ్ళ మనిషిని కూడా "పిల్లాడు" అంటాం. "స్పెషల్ పిల్లలు", "దేవుడి బిడ్డలు" అంటాం. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ పిల్లాడు అనుకున్నాక వాడి బదులు మనమే అన్నం కలుపుతాం, మనమే బట్టలు తీస్తాం, ఎనిమిదింటికి పడుకోబెడతాం. గడ్డం వచ్చిన మనిషికి రాత్రి పదకొండు దాకా సినిమా చూడాలని ఉండొచ్చు. మన తెలుగు సపోర్ట్ వర్కర్లలో ఓర్పుకి లోటు నేనెప్పుడూ చూడలేదు. మనకి కష్టమైనదల్లా చేతులు కట్టుకుని ఆగడం.

రెండో అడుగు: పద్దెనిమిది నిండకముందే మొదలుపెట్టండి

మానసిక సామర్థ్య చట్టం 2005లో వచ్చింది. పదహారేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. సామర్థ్యం లేదని తేలేవరకు ఉన్నట్టే భావించాలన్నది దాని మొదటి సూత్రం. నిర్ణయం తీసుకునేందుకు చేయగలిగిన సాయమంతా చేసి చూడాలి. మనకి తెలివితక్కువగా కనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదు. నిజంగానే లేదని తేలితే, ఆ మనిషి మేలు కోసమే, స్వేచ్ఛను వీలైనంత తక్కువగా తగ్గించే మార్గంలో నిర్ణయించాలి. ఇది కూడా ఒక్కో నిర్ణయానికి విడివిడిగా చూడాల్సిన విషయం. ఏ చొక్కా వేసుకోవాలో చెప్పగలిగిన మనిషికి బ్యాంకు అప్పు అర్థం కాకపోవచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా అదిరిపడేది ఇక్కడే. పద్దెనిమిది దాటాక అమ్మానాన్నలైనా సరే, ఆపరేషన్‌కి వాళ్ళ తరఫున సంతకం పెట్టే హక్కు దానంతటదే ఉండదు. నెక్స్ట్ ఆఫ్ కిన్ (దగ్గరి బంధువు) అన్నంత మాత్రాన చట్టం దృష్టిలో నిర్ణయాధికారం రాదు. అయితే మేలు ఏదో తేల్చేటప్పుడు వీలైనంతవరకు మిమ్మల్ని సంప్రదించాల్సిందే, అది చట్టమే చెబుతోంది. ప్రభుత్వం ఇచ్చే బెనిఫిట్ల డబ్బు వాళ్ళ తరఫున చూసుకోవడానికి అపాయింటీగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుమించిన ఆస్తి వ్యవహారాలుంటే, సామర్థ్యం లేనివాళ్ళ విషయాలు చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ ద్వారా డెప్యూటీ (వాళ్ళ తరఫున నిర్ణయించే మనిషి) కావాలి.

2014 నాటి కేర్ యాక్ట్ ప్రకారం ఏ సాయం అవసరమో పద్దెనిమిదికి ముందే అంచనా వేయమని కౌన్సిల్‌ని (స్థానిక పాలక సంస్థని) అడగవచ్చు. ఫోన్‌లో అడిగి ఊరుకోకండి, ఈమెయిల్ పెట్టండి. మీకు కూడా కేరర్ అసెస్‌మెంట్ (ఇంట్లో చూసుకునే మీకు ఏ సాయం కావాలో అంచనా) చేయమని అదే ఈమెయిల్‌లో అడగండి. వీసా మీద ఉన్న కుటుంబాలు ఒకటి గమనించాలి. కౌన్సిల్ ఇచ్చే సోషల్ కేర్ ఇమిగ్రేషన్ నిబంధనల్లోని పబ్లిక్ ఫండ్స్ (చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు) కిందకి రాదు. హౌసింగ్ బెనిఫిట్ (అద్దె సాయం), యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయానికి ఇచ్చే సాయం), పిప్ (వైకల్య భృతి) మాత్రం వస్తాయి. సపోర్టెడ్ లివింగ్‌లో అద్దె చాలామందికి హౌసింగ్ బెనిఫిట్ నుంచే కడతారు కాబట్టి, వీసాలో నిషేధం ఉన్నవాళ్ళు అడుగు వేసేముందు ఇమిగ్రేషన్ సలహాదారుతో తప్పకుండా మాట్లాడాలి.

మూడో అడుగు: తాళంచెవి, అద్దె కాగితం

కేర్ హోమ్‌లో గది, తిండి, సేవ అన్నీ ఒకే ఒప్పందం. సపోర్టెడ్ లివింగ్‌లో ఇల్లు వేరు, సేవ వేరు. మీ అబ్బాయి పేరు మీదో అమ్మాయి పేరు మీదో అద్దె ఒప్పందం ఉంటుంది. సేవ చేసే సంస్థ నచ్చకపోతే, ఇల్లు వదలకుండానే సంస్థను మార్చగలగాలి. ఈ పద్ధతిలోని బలమంతా ఇదే. అందుకే అడగండి: "రేపు మిమ్మల్ని మారిస్తే మావాడు ఇదే ఇంట్లో ఉండగలడా?" ఇల్లు, సేవ ఒకే యజమాని చేతిలో ఉండి జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే, బోర్డు మీద ఏం రాసినా అది కేర్ హోమే అనుకోవచ్చు.

అద్దె ఒప్పందం అర్థమయ్యే బొమ్మలతో, తేలిక మాటలతో ఇచ్చారా? ముందు తలుపు తాళంచెవి ఆ మనిషి దగ్గర ఉందా? తాళం తీయడం రాకపోయినా సరే, తాళంచెవి వాళ్ళ జేబులో ఉండాలి. సిబ్బంది లోపలికి వచ్చేముందు బెల్ కొడుతున్నారా, తలుపు తట్టి ఆగుతున్నారా?

నాలుగో అడుగు: సి.క్యు.సి. రిపోర్టు చదవండి, కానీ అక్కడితో ఆగకండి

సేవా సంస్థల్ని తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ (సి.క్యు.సి.) అయిదు ప్రశ్నలు వేస్తుంది: సురక్షితమా, ఫలితం ఇస్తోందా, దయగా ఉందా, అవసరాన్ని బట్టి స్పందిస్తోందా, నాయకత్వం బాగుందా. రిపోర్టులు వెబ్‌సైట్‌లో ఉచితం. అవుట్‌స్టాండింగ్ (అన్నిటికంటే మంచిది) నుంచి ఇనాడిక్వేట్ (అన్నిటికంటే చెడ్డది) దాకా నాలుగు మెట్లు. చూడాల్సింది మెట్టు ఒక్కటే కాదు, తేదీ కూడా. మూడు నాలుగేళ్ళ నాటి "గుడ్" అనే మెట్టు ఈరోజు ఆ ఇంట్లో ఎవరు పనిచేస్తున్నారో చెప్పదు. సపోర్టెడ్ లివింగ్‌లో కమిషన్ పరిధి స్నానం చేయించడం, బట్టలు వేయడం, తినిపించడం లాంటి వ్యక్తిగత సేవకే. ఇంటిని అది నియంత్రించదు. వ్యక్తిగత సేవ అసలు లేకపోతే ఆ సంస్థ రిజిస్టర్ అయి ఉండాల్సిన పని కూడా లేదు. 2020లో కమిషన్ తెచ్చిన "సరైన సాయం, సరైన సేవ, సరైన సంస్కృతి" అనే మార్గదర్శకం చదివి వెళ్ళండి. మేనేజర్‌ని దాని గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మనిషి తెలిసిపోతుంది.

తనిఖీలంటూ ఉన్నా ఘోరాలు జరిగాయి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ళని సిబ్బంది కొట్టడం, ఈడ్చడం 2011లో బీబీసీ పనోరమా రహస్య కెమెరాతో బయటపెట్టింది. పదకొండు మందికి శిక్షలు పడ్డాయి, ఆరుగురు జైలుకెళ్ళారు. ఇలాంటి ఆస్పత్రుల్లో అనవసరంగా ఉన్నవాళ్ళందర్నీ 2014 జూన్ కల్లా బయటికి తెస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ మాట నిలబడలేదు. 2024లో కూడా ఇంగ్లండ్‌లో దాదాపు 2,000 మంది మేధో వైకల్యమో ఆటిజమో ఉన్నవాళ్ళు మానసిక ఆస్పత్రుల్లోనే ఉన్నారు. ఊళ్ళో మంచి ఇళ్ళు లేకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. ఒక ఇంట్లో సేవ చెడితే దానిలోని మనిషి చివరికి అలాంటి వార్డుకే చేరే ప్రమాదం ఉంది.

అయిదో అడుగు: ఇంటికెళ్ళి కూర్చోండి

ఒకసారి చెప్పి వెళ్ళండి. రెండోసారి వేరే సమయంలో, సాయంత్రం ఆరింటికో ఆదివారమో, అక్కడ ఉండేవాళ్ళ అనుమతి తీసుకుని వెళ్ళండి. అది వాళ్ళ ఇల్లు, మనకి షోరూమ్ కాదు.

గోడల వైపు చూడండి. హాల్లో రోటా (డ్యూటీల పట్టిక), ఫైర్ నోటీసు, చేతులు కడుక్కునే పద్ధతి, సిబ్బందికి హెచ్చరికలు అతికించి ఉంటే అది ఆఫీసు. అక్కా చెల్లెళ్ళ ఫోటోలు, వాళ్ళకి నచ్చిన ఫుట్‌బాల్ జట్టు కండువా కనిపిస్తే ఇల్లు. ఫ్రిజ్ తెరవమని అడగండి. నలుగురుంటే నలుగురికీ వేరు వేరు ఇష్టాలు కనిపించాలి. ఫ్రిజ్‌కి తాళం ఉంటే ఎందుకో, ఎవరి కోసమో, ఎప్పుడు తీస్తారో అడగండి. ఒక్కరి ఆరోగ్యం కోసం వేసిన తాళం మిగతా ముగ్గురి ఆకలికి కూడా పడుతుంది, ఇది నా కళ్ళతో చూశాను.

చెవులు రిక్కించండి. సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, మధ్యలో కూర్చున్న మనిషిని దాటేస్తున్నారా? మనవాళ్ళు ఇద్దరుంటే తెలుగులోకి జారిపోతాం, నేనూ జారిపోయాను. ఆయన ముఖం మా ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే సిగ్గేసింది. "ఈయనకి తినిపించావా", "ఆమెని మార్చావా" అని ఆ మనిషి ముందే అనడం వినిపిస్తే గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు పరీక్ష. భోజనం వేళ కూర్చుని, ఎవరు ఏం చేస్తున్నారో చూడండి. ఇక్కడ యాక్టివ్ సపోర్ట్ అనే పద్ధతి ఉంది. పనిని ముక్కలు చేసి, ఆ మనిషి చేయగలిగిన ముక్క ఆ మనిషికే వదలడం దాని ప్రాణం. కూర వండటం రాకపోవచ్చు, కానీ ఉల్లిపాయ పొట్టు తీసి బుట్టలో వేయగలరు, వాషింగ్ మెషీన్ బటన్ నొక్కగలరు. సాయం కూడా మెట్లు మెట్లుగా ఉండాలి: ముందు నోటితో చెప్పడం, కుదరకపోతే వేలితో చూపడం, తర్వాత చేసి చూపడం, ఆఖరున చేతికి ఆసరా. సిబ్బంది నేరుగా ఆఖరి మెట్టుకి దూకుతుంటే వాళ్ళకి శిక్షణ లేదు, లేదా టైమ్ లేదు. రెండోదైతే రోటా చూపించమనండి. ఒక షిఫ్ట్‌లో ఎంతమంది, అందులో ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్ళు ఎందరు, రాత్రి మేలుకుని ఉండేవాళ్ళా, అక్కడే పడుకుని పిలిస్తే లేచేవాళ్ళా? పదిమంది కొత్తమొహాలు వచ్చిపోయే ఇంట్లో పంచదార సంగతి ఎవరికీ తెలియదు.

ఆరో అడుగు: మన ఇంటి మనిషి గురించి రాసివ్వండి

ఈ అడుగు మీ చేతిలోనే ఉంది. దీన్ని మీ అంత బాగా ఎవరూ చేయలేరు. సేవ చేసే సంస్థ ఇచ్చే ఫారంలో "భాష: ఇంగ్లీష్, తెలుగు" అని ఒక గడి ఉంటుంది. అది సరిపోదు. మీ అమ్మాయి రోజూ వాడే పది పదిహేను మాటలు ఇంగ్లీష్ లిపిలో, అర్థంతో, ఏ సందర్భంలో అంటుందో రాయండి. "బువ్వ" అంటే అన్నమే కాకపోవచ్చు, నేను పనిచేసే ఇంట్లో ఒకమ్మాయి ఆకలేసినా నిద్రొచ్చినా "బువ్వ" అనేది. "అబ్బా" అంటే నొప్పి. "టాటా" అంటే బయటికి పోదామని, లేదా మీరు వెళ్ళిపోండని. ఈ కాగితం లేక, ఒక యువతి మూడు రోజులు "నీల్లు, నీల్లు" అంటుంటే ఎవరో మనిషి పేరనుకున్న సిబ్బంది నాకు తెలుసు. మాట లేనివాళ్ళకి మకటన్ సైగలు, బొమ్మల కార్డులు, చేతికిచ్చే వస్తువులు ఉంటాయి. స్నానానికి తువ్వాలు చూపించడం, బయటికెళ్ళేటప్పుడు బూట్లు చేతికివ్వడం లాంటివి.

ఇంగ్లీష్ సిబ్బందికి తట్టని విషయాలు రాయండి. మరుగుదొడ్లో మనకి నీళ్ళు కావాలి, మగ్గు కావాలి. కాగితం ఇచ్చి ఊరుకుంటే కొందరు గొడవ చేస్తారు, దాన్ని "ప్రవర్తన సమస్య" అని రాసేస్తారు. పెరుగన్నం చేత్తో తినడం అలవాటైన మనిషికి చెంచా ఇచ్చి "సొంతంగా తినలేరు" అని నమోదు చేసిన ఫైలు నేను చదివాను. తలకి నూనె పెట్టి జడ వేయడం, నెలసరి పద్ధతులు, స్నానం చేయించేది ఆడమనిషే కావాలన్న కోరిక, శుక్రవారం మాంసం తినకపోవడం, సంక్రాంతికి వీడియో కాల్‌లో అమ్మమ్మని చూపించడం, ఇవన్నీ ప్లాన్‌లోకి ఎక్కాలి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. అది మీ పద్ధతా, ఆ మనిషి ఇష్టమా అని నిజాయితీగా మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుని రాయండి. మాంసం తినని ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు సూపర్‌మార్కెట్‌లో చికెన్ కేసి వేలు చూపిస్తే, వాళ్ళ అమ్మ గారితో మాట్లాడటం నాకు ఈ ఉద్యోగంలో చాలా కష్టమైన సాయంత్రాల్లో ఒకటి. ఆవిడ ఏడ్చారు. తర్వాత, "వాడికి ఇష్టమైతే పెట్టండి, నా కళ్ళ ముందు వద్దు" అన్నారు.

ఏడో అడుగు: ఒంట్లో బాగోలేదని ఎవరు గమనిస్తున్నారు?

మేధో వైకల్యం ఉన్నవాళ్ళు ఇంగ్లండ్‌లో మిగతావాళ్ళకంటే దాదాపు 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారు. లీడర్ అనే మరణాల సమీక్ష ఏటేటా ఇదే చెబుతోంది. అందులో చాలా మరణాలు తప్పించగలిగినవి. కాబట్టి ఇంటి శుభ్రత కంటే దీని మీద ఎక్కువసేపు ప్రశ్నలు వేయండి.

జీపీ దగ్గర లెర్నింగ్ డిజేబిలిటీ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూసుకోండి. పద్నాలుగేళ్ళు నిండితే ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష హక్కుగా వస్తుంది. పరీక్ష అయ్యాక హెల్త్ యాక్షన్ ప్లాన్ చేతికివ్వాలి. పరీక్షకి తీసుకెళ్ళింది ఆ మనిషి బాగా తెలిసినవాళ్ళా, ఆ రోజు డ్యూటీలో పడినవాళ్ళా? ఇది అడగండి.

మలబద్ధకం అనగానే మనం తేలిగ్గా తీసుకుంటాం. లోవెస్టాఫ్ట్‌లో ఉండే రిచర్డ్ హ్యాండ్లీ అనే 33 ఏళ్ళ యువకుడు 2012లో మలబద్ధకం ముదిరి ఇప్స్‌విచ్ ఆస్పత్రిలో ప్రాణం వదిలారు. ఆయనకి ఆ సమస్య పుట్టినప్పటి నుంచీ ఉందని కుటుంబానికి తెలుసు. ఆయన ఉన్న కేర్ హోమ్ సపోర్టెడ్ లివింగ్‌గా మారింది, ఆ మార్పులో ఆయన తిండి మీద, పేగుల మీద పెట్టాల్సిన కన్ను పెట్టలేదు. అందుకే సిగ్గుపడకుండా మలం చార్టు చూపించమనండి. మలం రకాల్ని చూపే బ్రిస్టల్ చార్టులో ఒకటి, రెండు రకాలు (గట్టిపడిన మలం) వరసగా పడుతుంటే ఎన్నో రోజున జీపీకి ఫోన్ చేస్తారో ప్లాన్‌లో రాసి ఉండాలి. "వెళ్ళారు" అని మాత్రమే రాసి ఉంటే ఆ చార్టు ఎందుకూ కొరగాదు.

మూర్ఛ ఉన్నవాళ్ళ విషయంలో స్నానాల తొట్టి దగ్గర ఎవరుంటారో అడగండి. ఆక్స్‌ఫర్డ్‌లో కానర్ స్పారోహాక్ అనే 18 ఏళ్ళ కుర్రాడు 2013 జులై 4న ఎన్.హెచ్.ఎస్. (ప్రభుత్వ వైద్య సేవ) యూనిట్‌లో స్నానాల తొట్టిలో మూర్ఛ వచ్చి మునిగిపోయాడు. బయట సిబ్బంది ఉన్నారు. ఆ యూనిట్‌ని నడిపిన ట్రస్టుకి 2018లో ఈ మరణానికీ, మరో రోగి మరణానికీ కలిపి 20 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మూర్ఛ ఎన్ని నిమిషాలు దాటితే బుగ్గలో పోసే మిడజోలమ్ అనే మందు ఇవ్వాలి, ఎప్పుడు అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలి, ఆ షిఫ్ట్‌లో ఆ శిక్షణ ఎవరికుంది? జవాబు తడుముకోకుండా రావాలి.

మింగడంలో ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్ట్ ఏ స్థాయి తిండి పెట్టాలో రాసిస్తారు. తాగేవీ తినేవీ కలిపి ఈ స్థాయిలు 0 నుంచి 7 దాకా. ఆరో స్థాయి అంటే మెత్తగా ఉడికి, పెద్దవాళ్ళకి ఒక్కో ముక్క ఒకటిన్నర సెంటీమీటర్ మించకూడదు. ఇంటి నుంచి తెచ్చిన గారెలు, జంతికలు ప్రేమగా పెట్టేముందు ఆ కాగితం చూడండి. ఈ మాట తల్లులతో చెప్పలేక సిబ్బంది మొహమాటపడి ఊరుకోవడం చూశాను. ఆ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది.

మందులు. 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అంచనా ప్రకారం రోజూ 30,000 నుంచి 35,000 మంది మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళు సరైన వైద్య కారణం లేకుండానే మానసిక రోగాల మందులు మింగేవారు. దాన్ని తగ్గించడానికి 2016లో స్టాంప్ అనే కార్యక్రమం వచ్చింది. ఆ మందు ఎందుకు మొదలైంది, ఎవరు రాశారు, ఆఖరిసారి ఎప్పుడు సమీక్షించారు అని ఒక్కో మాత్రకీ అడగండి. మీరుగా ఆపేయకండి, కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

చివరగా, నొప్పి. ఒకావిడ రెండు వారాలుగా తల గోడకేసి కొట్టుకుంటోంది. రోజూ "బిహేవియర్" అని రాశాం. మానసిక వైద్యుడి దగ్గరికి ఉత్తరం కూడా వెళ్ళింది. ఒక రాత్రి డ్యూటీలో ఆమె పక్కన కూర్చుని చూస్తే, ప్రతిసారీ ఎడమ దవడనే గోడకి ఆనిస్తోంది. డెంటిస్ట్ నోరు తెరిచి చూస్తే చీముపట్టిన పన్ను. పన్ను తీసిన మూడోరోజు నుంచి గోడ జోలికి పోలేదు. ఆ రెండు వారాల నోట్స్‌లో ఆరు చోట్ల నా సంతకం ఉంది. వైకల్యం ఉంది కదా అని అన్నీ దాని ఖాతాలో వేసేయడం డాక్టర్లూ చేస్తారు, మనమూ చేస్తాం. ప్రవర్తనలో ఏ మార్పొచ్చినా ముందు పన్ను, చెవి, పొట్ట, మూత్రం చూడమనండి.

ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే, ఆ మనిషి గురించి అక్కడి సిబ్బందికి చెప్పే హాస్పిటల్ పాస్‌పోర్ట్ అనే కాగితం వెంట ఉండాలి. నొప్పి ఎలా చూపిస్తారు, ఏ మందు పడదు, ఏది చూస్తే భయం అన్నవి మొదటి పేజీలోనే రాయాలి. ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ళ అబ్బాయికి మానసిక మందులు వద్దని అతనూ తల్లిదండ్రులూ చెప్పినా బ్రిస్టల్‌లో ఇచ్చారు, 2016 నవంబర్‌లో చనిపోయాడు. అతని తల్లి పోరాడితే, సిబ్బంది అందరికీ ఈ విషయంలో శిక్షణ తప్పనిసరి చేస్తూ 2022లో చట్టం వచ్చింది. ఇంటి సిబ్బందిలో ఎందరు ఆ శిక్షణ పూర్తిచేశారో మేనేజర్ చెప్పగలగాలి.

ఎనిమిదో అడుగు: రోజువారీ నోట్స్ చదవండి

ఆ మనిషి ఒప్పుకుంటే, లేదా వారి మేలు కోసం అవసరమని తేలితే, ఒక నెల నోట్స్ చూపించమనండి. "బాగున్నారు, తిన్నారు, టీవీ చూశారు, పడుకున్నారు" అని ముప్ఫై రోజులూ ఉంటే రెండే అర్థాలు: బతుకు అలాగే ఉంది, లేదా రాసేవాళ్ళు చూడటం లేదు. మంచి నోట్ ఇలా ఉంటుంది: "లైబ్రరీకి బస్సులో వెళ్ళారు. కార్డు తనే తాకించారు. లోపల పిల్లల గోల ఎక్కువైతే చెవులు మూసుకున్నారు, అయిదు నిమిషాల్లో వచ్చేశాం. వచ్చేవారం మధ్యాహ్నం ప్రయత్నిద్దాం." కొత్తగా చేరిన మనవాళ్ళకి ఇంగ్లీష్ రాయడమంటే భయం ఉంటుంది, అందుకే పక్కవాళ్ళది చూసి అదే వాక్యం దింపేస్తారు. వ్యాకరణం ఎవరూ చూడరు. కళ్ళతో చూసింది చూసినట్టు రాయండి.

తొమ్మిదో అడుగు: ఆంక్షలు

బయటి తలుపుకి తాళం, వెంట ఎప్పుడూ ఒకరు, ఫోన్ తీసేసుకోవడం, పట్టి ఆపడం. ఏదున్నా కారణం కాగితం మీద ఉండాలి, ఎప్పుడు తగ్గిస్తారో ఉండాలి. 2014 మార్చిలో చెషైర్ వెస్ట్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేడీ హేల్, బంగారు పంజరమైనా పంజరమేనని తేల్చారు. ఒప్పుకునే సామర్థ్యం లేని మనిషిని నిరంతరం కనిపెట్టుకుని, వెళ్ళిపోనివ్వకుండా ఉంచితే అది స్వేచ్ఛను హరించడమే. సపోర్టెడ్ లివింగ్‌లో దానికి కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అనుమతి తీసుకునే బాధ్యత కౌన్సిల్‌ది. అనుమతి ఉందా అని అడగడం తప్పు కాదు.

పదో అడుగు: చెడినప్పుడు నోరు విప్పడం

ముందు మేనేజర్‌కి ఈమెయిల్. తేదీ, సమయం, చూసింది, విన్నది రాయండి, ఊహలు వద్దు. గాయం, భయం, డబ్బు మాయం, నిర్లక్ష్యం అయితే మేనేజర్ కోసం ఆగకుండా కౌన్సిల్ అడల్ట్ సేఫ్‌గార్డింగ్ (పెద్దవాళ్ళ రక్షణ) విభాగానికి చెప్పండి. కేర్ యాక్ట్ 42వ సెక్షన్ కింద విచారించే బాధ్యత వాళ్ళది. నేరమనిపిస్తే పోలీసులు. సి.క్యు.సి. ఒక్కొక్కరి ఫిర్యాదును పరిష్కరించదు, కానీ మీరు చెప్పింది తనిఖీకి దారి తీస్తుంది కాబట్టి వాళ్ళకీ రాయండి. ఆ మనిషి తన మాట చెప్పుకోలేక, తరఫున మాట్లాడేవాళ్ళూ లేకపోతే స్వతంత్ర అడ్వొకేట్‌ని (లాయరు కాదు, ఆ మనిషి పక్షాన మాట్లాడేవాళ్ళని) పెట్టమని కౌన్సిల్‌ని అడగవచ్చు. ఇంగ్లీష్ రాని తల్లిదండ్రులు తెలుగు అనువాదకుల్ని కోరండి, పక్కింటివాళ్ళని తీసుకెళ్ళకండి.

స్పాన్సర్‌షిప్ మీద, అంటే యజమాని పూచీతో వచ్చే వీసా మీద వచ్చిన మన కేరర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2022 ఫిబ్రవరి నుంచి 2025 జులై దాకా కేర్ వీసా తలుపు తెరిచి ఉండటంతో చాలామంది వచ్చారు, ఇంటి మీద అప్పు చేసి మరీ. యజమాని తప్పు చేస్తే చెప్పాలంటే భయం. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. ఆ భయం నాకు తెలుసు, దాన్ని చిన్నబుచ్చను. 1998 చట్టం ప్రకారం ప్రజాహితం కోసం తప్పు బయటపెట్టిన ఉద్యోగిని ఆ కారణంగా శిక్షించకూడదు. చెప్పేముందు యూనియన్‌లో చేరండి, సలహా తీసుకోండి, మీరు రాసిన ప్రతి ఈమెయిల్ తారీఖుతో సహా మీ దగ్గర నోట్ చేసి పెట్టుకోండి. ఆ ఇంట్లో ఉండేవాళ్ళ వ్యక్తిగత వివరాలున్న ఫైళ్ళు మాత్రం సొంత ఫోన్‌లోకి ఫోటో తీయకండి, అది మీ మీదికే వస్తుంది. పేరు చెప్పకుండా కూడా సి.క్యు.సి.కి తెలియజేయవచ్చు.

ఏడాదికోసారి కౌన్సిల్ రివ్యూ మీటింగ్ పెడుతుంది. దానికి వెళ్ళేముందు రాత్రి, పాత ప్లాన్ ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం పక్కన పెన్సిల్‌తో రాయండి: ఇది ఇప్పటికీ నిజమేనా, ఎలా తెలిసింది? మొదట్లో చెప్పిన ఆ పెద్దాయన ప్లాన్‌లో ఇప్పుడు టీ గురించి ఇలా ఉంది: "పంచదార వద్దు. డబ్బా బల్ల మీద ఉంచండి. వెనక్కి నెట్టే అవకాశం ఆయనకే ఇవ్వండి."